అమ్మకానికి ముందు అమ్మనడగాలి

కనుమ వెళ్లింది. ముక్కనుమ మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం వీధరుగు మీద కాళ్లు జాపుకుని కూర్చున్నాం. పిల్లలు ఫోన్లలో ఉన్నారు. మర్నాడు ఎవరి రైలు వాళ్లకుంది. అన్నయ్య ఎవరి ముఖమూ చూడకుండా, పైన దూలం వైపు చూస్తూ అన్నాడు: "ఈ ఇల్లు అమ్మేద్దామా?"

ఉత్తరాంధ్రలో ఇంటి అమ్మకం మాట చాలావరకు ఇలాగే, పండగ చివరి రోజున పుడుతుంది. వాటాదార్లంతా ఒక్క చూరు కిందికి చేరేది అప్పుడే మరి. హైదరాబాదు నుంచి ఒకరు, చెన్నై నుంచి ఒకరు, విశాఖ నుంచి ఒకరు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి ఆటో ఎక్కేది ఆ నాలుగు రోజులకే. పుష్యం శూన్యమాసం, బేరాలు మాఘంలో చూసుకుందాం అంటారు గానీ మాట మాత్రం పుష్యంలోనే పడిపోతుంది.

అన్నయ్య మాటకి ఎవరూ ఊ అనలేదు, ఉహూ అనలేదు. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మానికి జారబడింది. మోకాళ్ల నొప్పులతో అప్పటికి రెండేళ్లుగా ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. "అమ్ముకోండి నాయనా, నానేటి వద్దంటానా. మరి ఆ తూరుపు గోడ ఎవులిదో తెలుసా మీకు?"

తెలీదు. ముగ్గురం చదువుకున్నవాళ్లమే. ఒకరు బ్యాంకు, ఒకరు సాఫ్ట్‌వేరు, ఒకరు ఇలా పత్రికలకు రాతలు. పుట్టి పెరిగిన ఇంటి గోడ ఎవరిదో ముగ్గురిలో ఒక్కరికీ తెలీదు.

ఆ ఇల్లు అమ్మకానికి సిద్ధం కావడానికి పదమూడు నెలలు పట్టింది. అందులో సున్నాలు, రిపేర్లకు పట్టింది నాలుగు రోజులు. మిగతా కాలమంతా ఎక్కడ పోయిందో చెబితే, ఇదే పని ముందున్న వేల కుటుంబాలకు కొంతైనా కలిసొస్తుందని ఈ కథనం.

పన్నెండడుగుల ఇల్లు

మా వైపు పల్లె వీధి చూడనివాళ్లకి ఒక మాట. వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్లలో పాత ఇళ్లు విడివిడిగా ఉండవు. గోడకి గోడ ఆనుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే కప్పు వేసినట్టు వరసగా సాగిపోతాయి. మా ఇల్లు వెడల్పు పన్నెండడుగులు, పొడవు దాదాపు వంద. వీధరుగు, ముందు గది, నడవ, నట్టిల్లు, వంటిల్లు, దొడ్డి. వీధిలోంచి చూస్తే సూటిగా దొడ్లో కొబ్బరి చెట్టు కనిపిస్తుంది. అరుగులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి చిన్నప్పుడు వానాకాలంలో నేల మీద కాలు పెట్టకుండా వీధి మొత్తం తిరిగేవాళ్లం.

ఆడుకోవడానికి అంత బాగున్న ఇల్లు అమ్ముకోవడానికి అంత చిక్కు. పన్నెండడుగుల వెడల్పు స్థలం ఎవరికి కావాలి? బయటి ఊరివాడు కొని ఏం కడతాడు? పక్కింటివాళ్లు కొంటే మాత్రం ఆ పన్నెండూ వాళ్ల పన్నెండూ కలిసి ఇరవై నాలుగవుతాయి. ఒక కారు నిలబెట్టి, పైకి మెట్లు వేసుకుని, పక్కా డాబా కట్టుకోవచ్చు. అంటే వరస ఇంటికి అసలైన ధర ఇవ్వగలిగినవాళ్లు ఊరు మొత్తానికీ ఇద్దరే, ఇటు గోడవాళ్లు, అటు గోడవాళ్లు. ఈ లెక్క తెలియక చాలామంది ముందు బ్రోకరు దగ్గరికి వెళతారు. ఆ వార్త ఊరంతా తిరిగి ఆఖరున పక్కింటికి చేరుతుంది. "మాతో ఒక్క ముక్క అన్లేదు" అని వాళ్లు అలుగుతారు. అలిగిన పొరుగువాడు కొనడు, ఇంకొకరిని కొననివ్వడు.

తూర్పు గోడ సంగతి అమ్మే చెప్పింది. తాతగారూ పక్కింటి తాతగారూ చెరి సగం పెట్టుకుని కట్టించారట. గోడ మధ్య గీత హద్దు. మా వంటింటి మురుగు వాళ్ల దొడ్లోంచి వీధి కాలవలో కలుస్తుంది, దానికి వాళ్లెప్పుడూ అడ్డు చెప్పలేదు. బదులుగా నూతిలో వాళ్లకి వాటా. నుయ్యి మా దొడ్లో ఉన్నా తాడూ గిలకా రెండిళ్లవీ. ఇవేవీ ఏ కాగితంలోనూ లేవు. పదహారేళ్లకి పెళ్లయి కోడలిగా వచ్చి, అత్తగారి వెనకాల తిరుగుతూ అమ్మ నేర్చుకున్న లెక్కలివి.

ఇవి వింటే పాత ముచ్చట్లలా ఉంటాయి గానీ చట్టం వీటిని హక్కులంటుంది. ఇరవై ఏళ్లపాటు అడ్డంకి లేకుండా, హక్కుగా వాడుకుంటూ వచ్చిన దారికీ నీటి కాలవకీ వెలుతురుకీ 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం రక్షణ ఇస్తుంది. కొనేవాడు ఎవరైనా రేపు ఆ మురుగు దగ్గరే గొడవ మొదలవుతుంది కాబట్టి, అమ్మే ముందే పొరుగువాళ్లతో కూర్చుని గోడ, చూరు నీళ్లు, మురుగు, నుయ్యి, దొడ్డిదారి ఒక్కొక్కటీ మాట్లాడుకోవాలి. దస్తావేజులో వాటికి చోటివ్వాలి. మా లాయరుగారు ఆ ఒక్క పేరా రాయడానికే రెండు సాయంత్రాలు అమ్మతో కూర్చున్నారు.

ట్రంకు పెట్టెలో పాత జిల్లాలు

నట్టింట్లో మంచం కింద ట్రంకు పెట్టె. తాతగారు రంగూన్ నుంచి తెచ్చుకున్నది. మా జిల్లాల నుంచి బర్మా వెళ్లి, 1941 చివర రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక నడకనో ఓడ మీదనో తిరిగొచ్చినవాళ్లు ఊరికి కొందరుంటారు. ఆ డబ్బుతో కొన్న పొలాలు, ఇళ్లు, ఆ టేకుతో నిలబెట్టిన స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఇల్లూ ఆ బాపతే. తాతగారు 1949లో కొన్నారు.

దస్తావేజు దొరికింది. మడతల దగ్గర చిరిగింది గానీ చదవడానికి వీలుగానే ఉంది. అందులో మా ఊరు విశాఖపట్నం జిల్లా అని ఉంది, రాష్ట్రం మద్రాసు. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న కదా, ఆ కాగితం అంతకన్నా పెద్దది. ఇది చూసి కంగారు పడక్కర్లేదు. పార్వతీపురం వైపు వాళ్ల పాత కాగితాలకైతే ఇంకా పెద్ద ప్రయాణం: విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979 జూన్ 1 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఇల్లు అంగుళం కదలకుండా నాలుగు జిల్లాలు మారింది. పాత రికార్డు వెతకాలంటే ఆ ఏడాది ఊరు ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధిలో ఉండేదో ముందు తెలుసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకి వెళ్లి పాత పుస్తకాలు తిప్పించుకోవాల్సిందే.

దస్తావేజుతో పాటు పన్ను రసీదులు కొన్ని. వాటి మీద 1358 అని చూసి మా అబ్బాయి "నాన్నా, ఇవి కాకతీయుల కాలం నాటివా?" అన్నాడు. ఫసలీ లెక్క అది. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, జులై నుంచి జూన్ దాకా. 1358 అంటే 1948-49. జమీందారీ పోకముందు కాలం. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి ఎస్టేట్ల కింద ఉన్న మన ఊళ్లు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే రైత్వారీలోకి వచ్చాయి. ఆ మార్పులో పొలాలకు పట్టాలు వచ్చాయి. ఇళ్లకు రాలేదు.

అసలు చిక్కు అక్కడే. పాత సర్వేలో ఊరు మొత్తాన్ని ఒకే చెక్కగా గీసి గ్రామకంఠం అని రాసి వదిలేశారు. లోపల ఎవరి ఇల్లు ఎంత అన్నది రెవెన్యూ లెక్కల్లోకి ఎక్కలేదు. పొలానికి అడంగల్ ఉంది, వన్‌బీ ఉంది, పాసుపుస్తకం ఉంది. వందేళ్లుగా కాపురమున్న ఇంటికి మాత్రం పంచాయతీ పన్ను రసీదే దిక్కు. మావాళ్ల దగ్గర రిజిస్టరు దస్తావేజైనా ఉంది. తాత ముత్తాతల నుంచి నోటి పంపకాలతో వచ్చిన ఇళ్లకు అదీ ఉండదు. అలాంటివాళ్లు పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత తనఖా కాగితాలు, పంపకాల చీటీలు ఒక వరసలో పెట్టి స్వాధీనాన్ని చూపించుకోవాలి. ఒక్క రసీదునీ పారేయకూడదు.

ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్‌తో ఊరిని పైనుంచి ఫొటో తీసి, ఇంటింటికీ హద్దులు తేల్చి యాజమాన్య కార్డు ఇవ్వడం దాని పని. అదే ఏడాది డిసెంబరు 21న రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో ఇదీ కలిసింది. డ్రోన్ ఎగిరే ముందు నేల మీద సున్నంతో హద్దు గీతలు గీస్తారు. విడి ఇళ్లకైతే సులువు. మా వరస ఇళ్లకి పైనుంచి చూస్తే కనిపించేది వీధి పొడవునా ఒకే పెంకుల కప్పు. ఏ పెంకు ఎవరిదో డ్రోన్‌కేం తెలుస్తుంది? కింద సున్నం పోసేవాడికి సరిగ్గా చూపించేవాళ్లు ఇంట్లో ఉండాలి. తాళం పడి ఉంటే పక్కవాళ్లు ఎక్కడ చెబితే అక్కడే గీత. మా ఊళ్లో సున్నం పోసిన రోజు అమ్మ ఇంట్లోనే ఉంది. కర్ర పట్టుకుని దగ్గరుండి గోడ మధ్యకి గీయించింది. ఆ రోజు మాకు ఫోన్ చేసి చెబితే "సర్లే అమ్మా" అని పెట్టేశాం.

మీ ఊరి సర్వే అయిందో లేదో, అయితే మీ ఇల్లు ఎవరి పేరున ఎక్కిందో గ్రామ సచివాలయంలో అడిగి చూసుకోండి. తప్పుంటే అమ్మకం మాట ఎత్తక ముందే దిద్దించుకోవాలి. కొనేవాడు వచ్చి కూర్చున్నాక మొదలుపెడితే బేరం చల్లారిపోతుంది.

ఇంకో రెండు హెచ్చరికలు. దేవస్థానాలకో ట్రస్టులకో చెందిన భూమి మీద కట్టిన ఇళ్లు, ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా స్థలాలు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉండొచ్చు. ముందుగా జాబితా చూసుకోవాలి. రెండోది ఏజెన్సీ. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల వైపు షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం స్థిరాస్తిని గిరిజనేతరులకు అమ్మడం కుదరదు, గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికైనా సరే. "పొలానికే కదా, ఇంటికి వర్తించదులే" అని ధైర్యం చెప్పే బ్రోకర్లుంటారు. ఇల్లూ స్థిరాస్తే.

మేనత్త సంతకం

కాగితాలు దొరికాయి కదా, ఇక అన్నదమ్ములం ముగ్గురం సంతకాలు పెట్టేస్తే సరిపోతుందనుకున్నాం. లాయరుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మీ తాతగారికి ఆడపిల్లలు ఎంతమంది?"

ఇద్దరు. పెద్ద మేనత్త పలాసలో ఉంది. చిన్న మేనత్తని బరంపురం ఇచ్చారు, ఆవిడ పోయి ఆరేళ్లు. ఆవిడ పిల్లలు నలుగురు.

"అయితే మీరు ముగ్గురూ కలిసి అమ్మగలిగింది మీ నాన్నగారి వాటా, ఇంట్లో మూడో వంతు. అందులోనూ అమ్మగారి వాటా ఉంది."

ఆడపిల్లలకు ఆస్తి హక్కు అనగానే మనవాళ్లకి ఎన్టీఆర్ చేసిన చట్టం గుర్తొస్తుంది. అది 1986లో వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ తేదీకి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో వాటా ఇచ్చింది. తర్వాత కేంద్రం 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినవాళ్లకీ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ ఉమ్మడి ఆస్తి సంగతులు. మా ఇల్లు తాతగారి స్వార్జితం. వీలునామా రాయకుండా 1988లో పోయారు. స్వార్జితానికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఉంది. అంటే మా మేనత్తలకు కొత్తగా ఎవరూ ఇవ్వక్కర్లేదు, తాతగారు కన్నుమూసిన రోజే వచ్చేసింది.

మరి ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు అడగలేదు? ఆ చట్టంలోనే 23వ సెక్షనని ఒకటుండేది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో, మగ వారసులు పంచుకుందామనే దాకా ఆడపిల్ల పంపకం అడగడానికి లేదని. పొలంలో వాటా అడగొచ్చు, ఇంట్లో అడగకూడదు! 2005 సవరణలో ఆ సెక్షన్‌ని తీసేశారు. దాదాపు యాభై ఏళ్ల పాటు చట్టమే నోరు నొక్కింది కాబట్టి "మా ఆడపడుచులు అలాంటివాళ్లు కాదండీ" అని మనం గొప్పగా చెప్పుకోగలిగాం.

పెద్ద మేనత్త దగ్గరికి అమ్మే బయల్దేరింది. మేం వెళతామంటే వద్దంది. వదినా మరదళ్లు ఇద్దరూ ఒక పూటంతా మాట్లాడుకున్నారు. సాయంత్రం మేనత్త ఫోన్ చేసి "నాకేటీ వద్దురా, ఆ ఇత్తడి గంగాళం ఒకటి ఇచ్చీండి చాలు" అంది.

ఇలాంటి మాట వినగానే అన్నదమ్ములు కళ్లు తుడుచుకుని విడుదల దస్తావేజు రాయించేసుకుంటారు. నా మటుకు నాకది న్యాయమనిపించదు. అడగని మనిషి దగ్గర ఊరికే తీసుకోవడం మొహమాటాన్ని సొమ్ము చేసుకోవడమే. మేం వాటా లెక్కకట్టి ఇచ్చాం, గంగాళమూ ఇచ్చాం. బరంపురం పిల్లలు నలుగురిలో ఇద్దరి ముఖం మేం ఇరవై ఏళ్లుగా చూడలేదు. ఒకతను సూరత్‌లో ఉన్నాడు. రమ్మని పిలిస్తే వచ్చాడు. పత్రం మీద సంతకం పెట్టే ముందు ఇల్లంతా తిరిగి, దొడ్లో కొబ్బరి చెట్టు దగ్గర నిలబడి "మా అమ్మ ఊయల కట్టింది దీనికేనా?" అని అడిగాడు. అవునని అమ్మ చెప్పింది.

వారసుల లెక్కకి కావలసినవి: పోయినవాళ్లందరి మరణ ధ్రువపత్రాలు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. మన పల్లెల్లో పాతకాలం మరణాలు చాలావరకు నమోదు కాలేదు. ఏడాది దాటిన మరణాన్ని ఇప్పుడు ఎక్కించాలంటే ఆర్డీవో దాకా వెళ్లాలి, నెలలు పడుతుంది. మా పదమూడు నెలల్లో నాలుగు నాయనమ్మ మరణ ధ్రువపత్రానికే పోయాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన అధికార పత్రం పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. అధికార పత్రంతో అమ్మిపెట్టవచ్చు గానీ, ఆ పత్రమే అమ్మకం కాదు. 2011లో సూరజ్ ల్యాంప్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది.

పాత సామాను, పాత పత్రికలు

ఇల్లు ఖాళీ చేయడమంత పాడుపని ఇంకోటి లేదు. పనికొచ్చేది పదోవంతు, పారేయలేనిది తొమ్మిది వంతులు. తిరగలి, రోకలి, కుంకుడుకాయల బుట్ట, ఎవరి పెళ్లిదో తెలియని పందిరి మంచం. రోలు మాత్రం ఎవరం కదపలేకపోయాం, ఇంటితో పాటే ఇచ్చేశాం.

ఇత్తడి సామాను తూకానికి వేసేయకండి. సారవకోట మండలం బుడితిలో పోతపోసే ఇత్తడికి, కంచుకి భౌగోళిక గుర్తింపు ఉంది. అమ్మమ్మల కాలం బిందెలు, గంగాళాలు కొన్ని ఆ చేతుల మీదుగా వచ్చినవే. పాత సామాన్ల బండివాడికి అది కిలోల లెక్క. ఇంటి ఆడపిల్లలకి పంచండి, వాళ్లకి అది పుట్టిల్లు.

అటక మీద మూడు గోనె సంచుల పత్రికలు దొరికాయి. భారతి, యువ, ఆంధ్రపత్రిక వారపత్రిక. చెదలు కొంత తిన్నాయి. కాగితాలవాడు గుమ్మంలో త్రాసు పెట్టేశాడు కూడా. ఆపించి శ్రీకాకుళం పట్టుకెళ్లాం, కథానిలయానికి. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన చోటు అది. అచ్చయిన ప్రతి తెలుగు కథనీ ఒక్కచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. 2021లో మాస్టారు వెళ్లిపోయారు, నిలయం ఉంది. అక్కడ లేని సంచిక మీ అటక మీద ఉండొచ్చు. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు కాగితాలవాడి కంటే ముందు వాళ్లకి కబురు చెప్పడం మర్యాద. విజయనగరంలో గురజాడ ఇల్లు స్మారకంగా నిలిచింది కాబట్టి ఆయన వస్తువులు చూడగలుగుతున్నాం. మన ఇళ్లు అలా నిలవవు. అందులోని కాగితాలైనా నిలవాలి.

తలుపుల సంగతి. పాత కలప కొనేవాళ్లకి ఏ ఊళ్లో ఏ ఇల్లు అమ్మకానికొస్తోందో మనకంటే ముందు తెలుస్తుంది. టేకు ద్వారబంధానికి, స్తంభాలకి మంచి రేటే చెబుతారు. గోడలో దిగిన గుమ్మం చట్టం దృష్టిలో ఇంట్లో భాగం. బజానా పుచ్చుకున్నాక ఊడదీస్తే కొన్నవాడు అడుగుతాడు, అడిగే హక్కు అతనికుంది. నాయనమ్మ పసుపు రాసిన గడప మీకు కావాలంటే ఒప్పంద పత్రంలోనే "ఇది మినహా" అని రాసుకోవాలి.

రంగులూ రేట్లూ

ఇంటికి ఎంత ఖర్చు పెట్టాలి? పల్లెలో కొనేవాడు స్థలం కొంటాడు, గోడలకు డబ్బులివ్వడు. కొత్త టైల్స్, ఫాల్స్ సీలింగ్ దండగ. కురుస్తున్న చోట పెంకులు మార్చడం, దొడ్లో ముళ్లపొదలు కొట్టించడం, నూతి పూడిక తీయించడం, కరెంటు బాకీ కట్టడం చాలు. 2014 హుద్‌హుద్‌కో 2018 తిత్లీ తుఫానుకో కప్పు లేచిపోయి రేకులతో సరిపెట్టుకున్న ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. ఆ మచ్చని రంగుతో కప్పెయ్యొద్దు. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం ఆస్తి బదిలీ చట్టం ప్రకారం తప్పే. శ్రీకాకుళం గుజరాతీపేటలోనో, విజయనగరం కంటోన్మెంట్‌లోనో ఇల్లయితే లెక్క మారుతుంది. కాపురానికి కొనేవాళ్లు కప్పూ గోడా చూస్తారు, బిల్డరు మాత్రం రోడ్డు వెడల్పే చూస్తాడు.

వాస్తు కోసం అమ్మేవాళ్లు గోడలు పగలగొట్టకూడదు. మీ సిద్ధాంతి తూర్పున తెరిపించిన కిటికీని వాళ్ల సిద్ధాంతి మూయిస్తాడు. ఆ ఖర్చేదో వాళ్లనే పెట్టుకోనివ్వండి.

ధర దగ్గర మా వైపు ఒక జబ్బు ఉంది, ఆగితే పెరుగుతుందని. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. రెండుసార్లూ చుట్టుపక్కల రేట్లు ఎగిరాయి. మూలపేట పోర్టు మాటతో సంతబొమ్మాళి వైపూ అంతే. విమానం ఎగిరే దారికి యాభై అరవై కిలోమీటర్ల దూరంలో గ్రామకంఠంలో ఉన్న పన్నెండడుగుల ఇల్లు కూడా ఆ ఆశ మీదే తాళం వేసుకుని కూర్చుంటుంది. మనిషి మసలని మట్టిగోడ ఎన్ని వానలకు ఆగుతుంది? ఏటా కొంత కూలుతుంది, వారసులు ఏటా కొంత పెరుగుతారు.

పన్నుల మాట క్లుప్తంగా. పల్లెలో ఆస్తికి పన్ను లేదనేది వ్యవసాయ భూమి మాట, ఇంటికి వర్తించదు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. 2024 జులై 23కి ముందు సంక్రమించిన ఇల్లయితే, మన దేశంలో నివాసముండేవాళ్లు ద్రవ్యోల్బణం లెక్కతో 20 శాతం పద్ధతిలోనూ చూసుకుని, తక్కువైనది కట్టొచ్చు. తాతల నాటి ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు, అప్పటి రిజిస్ట్రేషన్ విలువని మించకుండా. ఆ విలువ కాగితం ముందే తీసి పెట్టుకోండి. బజానా ఇరవై వేలైనా, అంతకు మించినా నగదు ముట్టుకోవద్దు. కొనేవాడికి స్టాంపులు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం పడుతుంది కాబట్టి విలువ తగ్గించి రాద్దామంటాడు. ఒప్పుకుంటే మిగతా సొమ్ముకి లెక్క చెప్పుకోవాల్సింది మీరు.

మాఘంలో

ఇల్లు పక్కింటివాళ్లే కొన్నారు, తూర్పు గోడవాళ్లు. వాళ్లబ్బాయి గల్ఫ్‌లో ఉంటాడు. బేరం ఒక్క సాయంత్రంలో అయిపోయింది, ఎందుకంటే వాదించుకోవడానికి ఏమీ మిగల్లేదు. గోడ సగం సగమని ఆ ఇంటి పెద్దాయనకీ తెలుసు. ఆయనా అమ్మా ఒకే మాట చెప్పారు.

రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు రాత్రి అమ్మ ఇలవేల్పు మూల దగ్గర దీపం పెట్టి, అక్కడి మట్టి కొంచెం తీసి గుడ్డలో మూట కట్టుకుంది. ఏటా సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టేది ఆ మూలనే. "ఇక మీదట ఎక్కడ పెడతాం అమ్మా?" అని తమ్ముడు అడిగాడు. "నానెక్కడుంటే అక్కడ" అంది. ఈ ఏడాది మధురవాడలో అన్నయ్య ఫ్లాట్‌లో, నాలుగో అంతస్తులో పెట్టాం.

అమ్మ చెబుతుంటే రాసుకున్న నోటుబుక్కు నా దగ్గర ఉంది. ఇరవై రెండు పేజీలు. దూలం ఎవరిచ్చారు, నూతికి ఎంతయింది, ఏ కరువులో ఇల్లు తాకట్టు పెట్టారు, ఎప్పుడు విడిపించారు. ఒకచోట తేదీ తప్పింది, మిగతావన్నీ కాగితాలతో సరిపోయాయి. మీ ఇంట్లో ఆ కాలం మనిషి ఇంకా ఉంటే, వచ్చే పండక్కి వెళ్లినప్పుడు ఒక పూట కూర్చోబెట్టి అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకున్నా చాలు. అమ్మే ఉద్దేశం లేకపోయినా అడగండి.